నాన్న బూట్లకు ఒక చెంచా

పొద్దున్నే ఏడు కొట్టేసరికి కూతురు పరుగు ముగించుకుని వచ్చేది. గడప దగ్గర బూట్లు విడిచి అరలో పెట్టేది. అంతే, ఆయాసం ఇట్టే తగ్గిపోయేది. ఇక రొప్పడం బూట్ల వంతు. పాలావిడ కూడా "అమ్మాయి ఇప్పుడే వచ్చినట్టుందే, బూట్లింకా రొప్పుతున్నాయి" అని తన దారిన తను పోయేది.

అవి ఊపిరి సర్దుకునేదాకా మళ్లీ తొడగకూడదు. అది నాన్న పెట్టిన రూలు. నాన్న పోస్ట్‌మ్యాన్. రోజంతా ఊరు తిరిగింది చాలదన్నట్టు సాయంత్రాలు పరుగు పందేలు. పదకొండేళ్ల కిందట ఒక పందెం నుంచి వచ్చి, బూట్లు విడిచి, "కాసేపు నడుం వాలుస్తానే" అని పడుకున్న మనిషి మళ్లీ లేవలేదు. ఆయన బూట్లు మాత్రం పై అరలో ఆనాటి నుంచీ రొప్పుతూనే ఉన్నాయి. రెండు పొట్టి ఊపిరులు, ఒక పొడుగుది. అమ్మ వాటి పక్కనే కుర్చీ వేసుకుని కూరగాయలు తరిగేది, ఆ రోజు కబుర్లన్నీ చెప్పేది.

కూతురికి ఫైర్ స్టేషన్ ఉద్యోగమంటే ప్రాణం. వయసు దాటిపోతోంది, ఈ ఆదివారం పరుగు పరీక్షే ఆఖరి అవకాశం. జిమ్ కోచ్ ఒక పొడి డబ్బా ఇచ్చాడు.

"ఏంటే ఇది?" అంది అమ్మ.

"అమైనో ఆమ్లాలమ్మా. పరిగెత్తాక కండరాలు తొందరగా తేరుకోవడానికి. దమ్ము కూడా నిలుస్తుందట."

"అలిసేది బూట్లయితే నువ్వు తాగడమేంటే, పిచ్చిదానా?"

కూతురు పకపకా నవ్వింది. అమ్మ నవ్వలేదు.

శనివారం సాయంత్రం కూతురు స్నానానికి వెళ్లగానే అమ్మ పెద్ద గ్లాసులో పొడి కలిపి, ఆ పిల్ల బూట్లలో చెరిసగం పోసింది. రొప్పు టక్కున ఆగింది. అమ్మ మురిసిపోయింది.

తెల్లారి చూస్తే ఏముంది! బూట్ల నిండా చీమలు. ఒకదాని అడుగు నానిపోయి నోరు తెరిచింది.

"అమ్మా! ఎంత పని చేశావే!"

"నీ మంచికేనే తల్లీ..."

పరీక్షకి రెండు గంటలే ఉంది. కొట్లు తెరవరు. ఇద్దరూ పై అర వైపు చూశారు. కూతురివి అచ్చం నాన్న పాదాలే. పడవలని చిన్నప్పటి నుంచీ అమ్మ ఏడిపించేది.

"అవి అలిసిపోయి ఉన్నాయి కదమ్మా. నిన్న వాటికీ పోసుంటే బావుండేది."

"పోద్దామనే గ్లాసు ఎత్తానే." అమ్మ తల దించుకుంది. "చెయ్యి రాలేదు. అవీ ఆగిపోతే ఈ ఇంట్లో నాకింకేం వినపడుతుంది?"

అమ్మే లేచి బూట్లు దించింది. ఒక్కోదానికి చెంచాడు చొప్పున పొడి పొడిగానే వేసి, ఒళ్లో పెట్టుకు కూర్చుంది. రొప్పు నెమ్మదించింది. ఒక పొడుగు ఊపిరి వచ్చింది. మళ్లీ రాలేదు. అమ్మ కళ్లు తుడుచుకుని, పాత గుడ్డతో పొడి దులిపి, కూతురి కాళ్లకి తనే తొడిగి లేసులు కట్టింది.

"పద, ఆలస్యమవుతుంది."

ఆ పూట ఇంట్లో గోడ గడియారం చప్పుడు వినిపించింది. అది అంత గట్టిగా కొట్టుకుంటుందని అమ్మకి పదకొండేళ్లుగా తెలీదు. కూరగాయలు ముందేసుకుని ఒక్కటీ తరగలేదు.

మధ్యాహ్నం కూతురు గేటు దగ్గరి నుంచే అరిచింది. "నెగ్గానమ్మా! ఆఖరి చుట్టులో నా దమ్ము అయిపోయింది. బూట్లే లాక్కుపోయాయి!"

అమ్మ ఆ పిల్ల ముఖాన్ని రెండు చేతుల్లోకి తీసుకుని ముద్దు పెట్టుకుంది. కూతురు బూట్లు విడిచి పై అరలో పెట్టింది. కాసేపు ఏ చప్పుడూ లేదు. తర్వాత రెండు పొట్టి ఊపిరులు, ఒక పొడుగుది.

అమ్మ కదల్లేదు.

"పాపం, బాగా అలిసిపోయాయి" అంటూ కూతురు డబ్బా మూత తీయబోయింది. అమ్మ చటుక్కున లాక్కుంది.

"ఇది నువ్వు తాగు. వాటి జోలికి మాత్రం వెళ్లావో, ఊరుకోను."

కుర్చీ అర దగ్గరికి జరుపుకుని, వంకాయ చేతిలోకి తీసుకుంది. "విన్నారా, మన పిల్లకి ఉద్యోగం వచ్చింది" అని మొదలుపెట్టింది.