పొగ తాగిన నీలం కుండ

నేను ఒక కుండను. నీళ్లు పోస్తే కార్చేస్తాను, కూర వండటానికి అసలే పనికిరాను. అందుకే నన్ను అద్దాల పెట్టెలో పెట్టి, నెత్తిన దీపం వెలిగించారు. పనికొచ్చే మా చుట్టాలంతా వంటిళ్లలో మసి పట్టి ఉన్నారు.

నన్ను చేసింది పైడితల్లి. విశాఖపట్నంలో బొమ్మలూ కుండలూ నేర్పే కాలేజీలో చదువుతోంది. అంతకుముందు ఆమె చేసినవన్నీ బట్టీలోనే పగిలిపోయాయి. కాలేజీ ప్రదర్శనకి మిగిలింది నేనొక్కదాన్నే. నేనూ పగిలితే ఖాళీ బల్ల, దాని వెనక పైడి. అంతే.

మాది రాకు పద్ధతి, జపాన్‌ది. పైన పూసిన గాజు పూత కరిగి మెరుస్తుండగానే ఎర్రగా కాలిన కుండను పట్టకారుతో బట్టీలోంచి బయటికి లాగి, రంపపు పొట్టు పోసిన డ్రమ్ములో పడేసి మూత పెడతారు. గాలాడక, పొగకి ఉక్కిరిబిక్కిరై, కుండ రంగు మారుతుంది. మనుషుల్ని ఇలా చేస్తే పోలీసులొస్తారు. కుండల్ని చేస్తే చప్పట్లు కొడతారు.

క్లాసులో అందరూ పొడులు నూరి సొంతంగా పూత కలుపుకుంటారు. పైడి మాత్రం తక్కువ వేడికే కరిగే నీలం పూత సీసా ఒకటి కొట్లో కొనుక్కొచ్చి, నాకు దట్టంగా పట్టించింది. ఆమె క్లాస్‌మేట్ సింహాద్రి అది చూశాడు.

"ఏటే పైడీ, బాత్రూం టైల్స్‌కి ఏసే రంగు తెచ్చీసినావేటి?"

"నీ పూతకన్నా నయమేరా. నీది నిన్న బట్టీలో కారిపోయి అరకి అంటుకుపోనేదా?"

మర్నాడు నన్ను బట్టీలోంచి తీశారు. నా వెలుగు చూసి సూర్యుడు మబ్బు చాటుకి తప్పుకున్నాడు. డ్రమ్ములో పెట్టారు, మూత వేశారు. చల్లారేదాకా ముట్టుకోకూడదని పాఠం చెప్పే కామేశ్వరి మేడమ్ గట్టిగా చెప్పారు. కానీ టైల్ రంగు చూసి అందరికంటే ముందు నవ్వాలని సింహాద్రికి తొందర. మూత ఒక పక్కన ఎత్తాడు. లోపలికి గాలి దూరింది, మంట భగ్గుమని లేచింది. అతని ఎడమ కనుబొమ అక్కడికక్కడే రాజీనామా చేసింది.

"సచ్చినోడా! నాకున్నది ఆ ఒక్క కుండేరా!" పైడి కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

మేడమ్ మూత నొక్కేశారు. చల్లారాక నన్ను తీసి, పీచుతో మసి తోమారు. పగల్లేదు. పూతలో దాగున్న రాగి పొగకి బయటపడి, ఒక పక్కంతా కొత్త రాగి చెంబులా మెరిసిపోతున్నాను. గాలి తగిలిన పక్క మాత్రం నెమలి మెడ నీలం. మధ్యలో ఆ రెండు రంగులూ సరిహద్దు తగాదా పెట్టుకున్నాయి. సముద్రం కూడా ఒక్క అల ఆపి చూసిందని నా నమ్మకం.

"దీన్ని మధ్య బల్ల మీద పెట్టండి," అన్నారు మేడమ్. పైడి పట్టకారు పారేసి గెంతింది.

సింహాద్రి నుదురు తడుముకుంటూ వచ్చాడు. "నీలం పక్క నాదే. నాను మూత ఎత్తకపోతే వచ్చునేటి?"

"అయితే నీ పేరూ రాసీస్తానుండు," అంది పైడి.

రాసింది కూడా. నా ముందున్న అట్ట మీద ఇప్పటికీ ఉంది: పూత, పైడితల్లి. మూత, సింహాద్రి. చదివినవాళ్లంతా నవ్వుతారు. నేను నవ్వను. నాది హోదా గల ఉద్యోగం.