తవిటమ్మ నడుమున

నేను ఒక నడుము బెల్టును. సాగే గుడ్డ, వెనక నాలుగు ఇనుప పట్టీలు, ముందు చర్రుమని ఊడే అంటుపట్టీ. ఎవరు బిగిస్తే వాళ్ల దగ్గర ఉండిపోవడమే నా బతుకు.

పలాసలో గురువులు అనే లారీ డ్రైవరు నన్ను కొన్నాడు. అతనికి కండరం పట్టేసింది, తగ్గిపోయింది. ఆ తర్వాత వీధిలో ఎవరికి నడుము నొప్పి వచ్చినా నన్నే పంపారు. ఎవరి నొప్పి ఎందుకొచ్చిందో ఎవరూ అడగలేదు. అలా తవిటమ్మ దగ్గరకు చేరాను. జీడి ఫ్యాక్టరీలో గింజల గంప ఎత్తుతుంటే ఆమె నడుము కలుక్కుమంది.

నన్ను కట్టుకుంది, నొప్పి అణిగింది, మళ్లీ గంప ఎత్తింది. ఎత్తకపోతే పని ఉండదు. నిద్రలోనూ విప్పలేదు. చీర కింద చెమటలో నేను, నాలో ఆమె. కొన్నాళ్లకు ఆమె పక్కటెముకలు నా పై అంచుకు తగలసాగాయి. బెల్టు పెరగదు, మనిషే తరుగుతోంది. నాకు తెలుసు. నోరు లేదు.

చీర కుచ్చిళ్లు నేల మీద జీరాడడం చూసింది కూతురు లోలాక్షి.

"పొట్టిగయిపోతన్నావేటే అమ్మా?"

"నాను కాదు, చీరే పెద్దది నేసినారు," అంది తవిటమ్మ. ఇంకో చీర కట్టింది. అదీ జీరాడింది.

లోలాక్షి ఆసుపత్రికి తీసుకెళ్లింది. ఎక్స్‌రేలో వెన్నుపూస ఒకటి అణిగిపోయి కనిపించింది. పరీక్ష చేస్తే ఎముకలు గుల్లబారాయని తేలింది. ముట్లుడిగాక చాలామంది ఆడవాళ్లకు ఎముక ఇలా చప్పుడు లేకుండా తరుగుతుందని, ఇంకో పూస అణిగితే పనే చేయలేవని డాక్టరమ్మ చెప్పింది. మాత్రలు రాసింది. బరువులు ఎత్తొద్దంది. పూస కుదుటపడ్డాక ఎండలో నడవమంది, వెన్నుకు వ్యాయామం నేర్పించింది. నన్ను ఇక కొన్నాళ్లే కట్టాలని, ఆపైన కడితే ఉన్న కండా పోతుందని చెప్పింది.

తవిటమ్మ మేస్త్రీని బతిమాలి పప్పు ఏరే బల్లకు మారింది. కూలి తగ్గింది. నన్ను విప్పిన రోజు గుమ్మం దాటడానికి భయపడి, గోడ పట్టుకుని నిలబడింది. తర్వాత వీధి చివరిదాకా నడిచింది. రోజూ నడిచింది.

ఒక ఉదయం పక్కింటి దాలమ్మ వచ్చింది.

"వదినా, నడుం పట్టీసినాది. ఆ బెల్టు ఓపాలి ఇయ్యి."

"ఇయ్యను. పద, ముందు ఆస్పత్రికెల్దాం," అని తవిటమ్మ నన్ను ట్రంకుపెట్టెలో పడేసింది.

తాళం పడింది. చీకటి. ఇద్దరి అడుగుల చప్పుడు దూరమైంది. తాళంచెవిని తవిటమ్మ ఎప్పుడూ నడుమునే దోపుకుంటుంది. ఇన్నాళ్లూ నేనున్న చోట.