రెండూ లేని రక్తం

లాండ్రీలో పనివాళ్లు అన్నని మేనేజరు అనేవాళ్లు, అదీ వెనకాల. అతన్ని ఎవరూ మేనేజరుగా పెట్టలేదు. కౌంటరు దగ్గర కూర్చుని, తడిగుడ్డ ముట్టుకోకుండా పొద్దు గడిపేస్తాడని ఆ పేరు. చెల్లెల్ని ఇంటా బయటా పొట్టి అనేవాళ్లు. తండ్రి పక్కన నిలబడి పనంతా నేర్చుకుంది. మరక చూసిందంటే అది నూనెదో సిరాదో చెప్పేసేది. బట్టలు తెచ్చినవాళ్లు "అమ్మాయి లేదా?" అని అడిగినప్పుడల్లా మేనేజరు మొహం మాడిపోయేది.

"నాన్న తర్వాత షాపు నాది. నువ్వు జీతానికుంటే ఉండు, లేదంటే నీ దారి చూసుకో," అనేవాడు చెల్లెలితో. తండ్రి వింటూ కూడా విననట్టే ఉండేవాడు. అది ఆయన అలవాటు.

ఒకరోజు ఆయన నిచ్చెన ఎక్కి ఆవిరి గొట్టం బిగిస్తూ జారి పడ్డాడు. తొడ ఎముక విరిగింది. ఆపరేషన్ చేయాలన్నారు. రోగికి ఎక్కించే రక్తానికి బదులుగా ఇంట్లోవాళ్లు ఇస్తే మంచిదని ఆస్పత్రివాళ్లు అడిగారు. తల్లీ పిల్లలూ ముగ్గురూ వెళ్లారు. తల్లికి వేలు గుచ్చి చూసి, "మీలోనే రక్తం లేదు, మీరేం ఇస్తారమ్మా," అని నర్సు వెనక్కి పంపేసింది. పిల్లలిద్దరూ ఇచ్చారు. అందరి గ్రూపులూ నర్సు పైకే చెప్పింది. తండ్రిది ఎ, తల్లిది బి, కొడుకుది ఎబి, కూతురిది ఓ.

అప్పుడెవరూ పట్టించుకోలేదు, ఒక్క మేనేజరు తప్ప.

ఆపరేషన్ బాగానే జరిగింది. మర్నాడు పొద్దున తండ్రి దిండ్లకి ఆనుకుని కూర్చున్నాడు. తల్లి బత్తాయి వొలుస్తోంది. పొట్టి దుప్పటి మడత పెడుతోంది. వార్డు నిండా మంచాలు, మంచానికొక కుటుంబం. మేనేజరు వచ్చి స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"నాన్నా, ఒక్క మాట. నీది ఎ. అమ్మది బి. నాలో ఎ ఉంది, బి ఉంది. నీదీ అమ్మదీ రెండూ వచ్చాయి. మరి దీన్లో ఎ లేదు, బి లేదు. రెండూ లేని రక్తం ఇదెక్కణ్నించి తెచ్చుకుంది?"

తల్లికి అర్థం కాలేదు. "ఎక్కణ్నించి తేవడమేంట్రా? నా కడుపులోంచి వచ్చింది."

"నీ కడుపులోంచే వచ్చిందమ్మా. అది కాదనడం లేదు."

మాట జారాక గానీ తనేమన్నాడో అతనికే తెలియలేదు. తెలిశాక కూడా వెనక్కి తీసుకోలేదు. స్టూలు మీదే కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు. పక్క మంచం వాళ్లు మాటలాపి ఇటు చెవులు పెట్టారు.

తండ్రి ఏమీ అనలేదు. భార్య మొహంలోకి ఒక్కసారి చూశాడు, తర్వాత కిటికీ వైపు తిరిగాడు. పొట్టి పుట్టకముందు ఏడాదిపాటు ఆయన వేరే ఊళ్లో బట్టల మిల్లులో పనిచేశాడు. ఎప్పుడో సెలవు దొరికితే ఇంటికొచ్చేవాడు. ఇప్పుడు ఆయన ఆ ఏడాదినే తవ్వుకుంటున్నాడని ఆమెకి తెలిసిపోయింది. చేతిలో సగం వొలిచిన బత్తాయి అలాగే ఉండిపోయింది.

పొట్టి దుప్పటి వదిలేసి అన్న కాలరు పట్టుకుంది. "నన్నెన్నైనా అను, పడ్డాను, ఇంకా పడతాను. అమ్మ జోలికొచ్చావంటే మర్యాద దక్కదు."

"నేనెవర్నీ అనలేదు. రక్తమే చెప్తోంది. చెయ్యి తియ్."

"తియ్యను."

అదే సమయానికి రోగుల్ని చూసుకుంటూ డాక్టరమ్మ వచ్చింది. ఆ కాలరూ ఆ చెయ్యీ చూసి, "కొట్టుకోవాలంటే కిందకి వెళ్లండి. ఇక్కడ ఇప్పటికే విరిగినవాళ్లున్నారు," అంది.

పొట్టి చెయ్యి తీసింది కానీ గొంతు తగ్గించలేదు. "డాక్టరుగారూ, అందరూ వినేట్టే చెప్పండి. ఎ గ్రూపు తండ్రికి, బి గ్రూపు తల్లికి ఓ గ్రూపు పిల్ల పుట్టదా?"

"ఎందుకు పుట్టదు? నిక్షేపంలా పుడుతుంది. ఎవరన్నారు పుట్టదని?"

డాక్టరమ్మ మేనేజరు మొహం చూసి సంగతి గ్రహించింది.

"చూడు బాబూ. గ్రూపు విషయంలో ప్రతి మనిషికీ రెండు పాళ్లుంటాయి. ఒకటి తల్లి ఇచ్చింది, ఒకటి తండ్రి ఇచ్చింది. ఎ పక్కన ఓ ఉందనుకో, పరీక్షలో ఎ మాత్రమే బయటపడుతుంది. ఓ లోపలున్నా కనపడదు. బి పక్కనున్నా అంతే. మీ నాన్నగారిలో ఎ, ఓ ఉండుంటాయి. అమ్మగారిలో బి, ఓ. పిల్లలకి ఎవరైనా తమ రెండిట్లో ఒక్కటే ఇస్తారు. నీకు ఆయన్నుంచి ఎ వచ్చింది, ఆవిడనుంచి బి. మీ చెల్లెలికి ఇద్దరి దగ్గర్నుంచీ ఓ వచ్చింది. అలాంటి జంటకి ఏ గ్రూపు పిల్లలైనా పుట్టొచ్చు."

మేనేజరు ఓడిపోవడానికి ఒప్పుకోలేదు. "అయితే ఇది మా నాన్న కూతురేనని మీరు రాసిస్తారా?"

"రాసివ్వను. గ్రూపు చూసి ఆ మాట ఎవరూ రాసివ్వలేరు. ఆ మాటకొస్తే నువ్వు ఆయన కొడుకువేనని కూడా రాసివ్వలేను. ఎ గ్రూపు మగాళ్లు ఊళ్లో బోలెడుమంది."

పక్క మంచం మీద ముసలాయన కిసుక్కున నవ్వాడు. తర్వాత వార్డంతా నవ్వింది. మేనేజరు స్టూలు తన్నేసి బయటికి పోయాడు.

తండ్రి గొంతు సవరించుకున్నాడు. "సరేలే, వాడికి తెలియక వాగాడు. అయిపోయింది కదా. ఆ పండు ఇటివ్వు."

తల్లి పండు బల్ల మీద పెట్టింది. "మీకు అయిపోయింది."

"నేనేమన్నానే?"

"ఏమీ అనలేదు. అదే చెప్తున్నా. వాడికి షాపు కావాలి, అందుకు మొరిగాడు. మీకేం కావాలని నన్నలా చూశారు?"

"నొప్పిలో ఉన్నాను, ఏం చూశానో ఏమో."

"నొప్పి కాలికి. కళ్లకి కాదు."

ఆయన ఇంటికొచ్చాక, లేచి నడిచేదాకా ఆమె చాకిరీ చేసింది. అన్నం పెట్టింది, మందులిచ్చింది, కాలికి కట్టు మార్చింది. ఒక్క మాట మాట్లాడలేదు. కొడుకు ఒకసారి వచ్చి, "నాకు సైన్సు తెలియక అన్నానమ్మా," అన్నాడు.

"తెలియనివాడు అడుగుతాడు. నువ్వు అడగలేదు, తీర్పు చెప్పావు," అంది. ఆ తర్వాత అతనితోనూ మాట్లాడలేదు.

తండ్రికి లోపల గుచ్చుకుంటూనే ఉంది. దాన్ని ఎలా తీసేసుకోవాలో తెలియక, ఒకరోజు పొట్టిని పిలిచి లాండ్రీ తాళాలు చేతిలో పెట్టబోయాడు. "షాపు నీ పేర రాసేస్తాను. వాడికి ఇంకేదైనా చూద్దాం."

పొట్టి చేతులు వెనక్కి పెట్టుకుంది. "డాక్టరు చెప్పకముందు ఇచ్చుంటే తీసుకునేదాన్ని నాన్నా. ఇప్పుడు ఇది నాకు జరిమానా డబ్బులా ఉంది."

వెనక వీధిలో ఒక గది అద్దెకి తీసుకుని రెండు ఇస్త్రీ పెట్టెలతో సొంతంగా మొదలుపెట్టింది. భర్త కర్ర లేకుండా నడిచిన మొదటి రోజున తల్లి రెండు చీరలు సంచీలో పెట్టుకుని కూతురి దగ్గరికి వచ్చేసింది. పాత ఖాతాదారులు ఒక్కొక్కరే వెతుక్కుంటూ వచ్చారు. అది చూసి మేనేజరు తన చేతికి మిగిలిన పాత షాపు ముందు 'అసలైన లాండ్రీ ఇదే' అని పెద్ద బోర్డు పెట్టించాడు. ఆ 'అసలైన' ఎవర్ని పొడవడానికో వీధిలో అందరికీ తెలుసు. పొట్టి రాయి తీసుకుని బయల్దేరింది. "ఆ బోర్డు చదివి ఎవరైనా బట్టలిస్తారా? కూర్చో," అని తల్లి ఆపింది.

కొన్నాళ్లకి తండ్రి వచ్చాడు, చేతిలో నలిగిన చొక్కాతో. గుమ్మం దగ్గర నిలబడి, "లోపలికి రానా?" అన్నాడు.

"బట్టలిచ్చేవాళ్లకి బెంచి బయటుంది," అంది తల్లి.

ఆయన బెంచి మీద కూర్చున్నాడు. పొట్టి ఇస్త్రీ చేస్తూ తలెత్తలేదు. వచ్చేపోయేవాళ్లు పలకరిస్తుంటే పొడిపొడిగా జవాబులిచ్చాడు. జనం పలచబడ్డాక, గుమ్మం వైపు తిరక్కుండానే అన్నాడు.

"ఆరోజు అనుమానపడ్డాను. నొప్పి కాదు, అనుమానమే. ఆ మిల్లు ఏడాది గుర్తొచ్చింది."

లోపల పెట్టె ఒక్క క్షణం ఆగింది. పొట్టి తల్లి వైపు చూసింది. ఆమె ఆ చొక్కా తీసుకుంది, జేబులు తడిమి చూసింది, మిగతా బట్టల మీద వేసింది.

"రేపు సాయంత్రం రండి, అవుతుంది," అంది.