పద్నాలుగు ఇండెక్సులు

ఆ ఆస్పత్రిలో రోగుల వివరాలన్నీ దాచే డేటాబేస్‌ని పదకొండేళ్లుగా ఒక్కావిడే చూసుకుంటోంది. వార్డుల్లో అందరికీ ఆమె కంప్యూటరక్క.

ఆ వారం డాక్టర్లది ఒకటే గోల. రోగి నంబరు కొడితే పాత రిపోర్టులు రావడానికి నిమిషం పడుతోందని. సూపరింటెండెంటు ఆమెని పిలిచి అందరి ముందూ చెడామడా తిట్టాడు. ఆమె వచ్చి, డేటాబేస్ వేగం ఎలా పెంచాలో చెప్పే ట్యూనింగ్ టూల్ నడిపింది. ఏ వెతుకులాట ఎక్కడ నత్తనడక నడుస్తోందో చూసి, అది పద్నాలుగు ఇండెక్సులు కట్టమని సలహా ఇచ్చింది. ఒక్కోదాని పక్కన ఎనభై శాతం, తొంభై శాతం వేగం పెరుగుతుందని అంకెలు.

ఆ అంకెలు వెతకడం గురించే తప్ప కొత్త వివరాలు రాయడం గురించి కావని ఆమెకి తెలుసు. ఇండెక్సంటే పుస్తకం చివర ఉండే పదాల పట్టిక లాంటిది. వెతికేవాళ్లకి హాయి. కొత్త పేజీ చేరినప్పుడల్లా మాత్రం పట్టికలన్నీ సవరించుకోవాలి. పైగా ఆ పద్నాలుగులో సగం ఒకదాన్నొకటి పోలినవే. మూడు చాలు, ముందు వేరే మెషీన్ మీద పరీక్షిద్దామని సూపరింటెండెంటుకి చెప్పబోయింది. టూలే చెబుతుంటే మధ్యలో నీ సందేహమేంటని ఆయన కసిరాడు. ఆమె నోరు మూసుకుని శనివారం పద్నాలుగూ కట్టేసింది.

ఆదివారం రిపోర్టులు చిటికెలో వచ్చాయి. డాక్టర్లు మెచ్చుకున్నారు.

సోమవారం పొద్దున ల్యాబ్ మెషీన్లన్నీ ఒక్కసారిగా ఫలితాలు పంపాయి. ఒక్కో ఫలితం కోసం పద్నాలుగు ఇండెక్సులూ సవరించుకునేసరికి వెనక క్యూ చేంతాడంత అయింది. డయాలసిస్ రోగి ఒకాయనకి రక్తంలో పొటాషియం ప్రాణం మీదికొచ్చేంత పెరిగిందన్న ఫలితం అందులో నలభై నిమిషాలు ఇరుక్కుంది. నర్సు తెర మీద ఏమీ లేకపోయేసరికి పరీక్ష ఇంకా అవలేదనుకుంది. ఫలితం కనబడేటప్పటికి ఆయన గుండె ఆగిపోయింది.

ఆ మధ్యాహ్నమే ఆమె పదకొండు ఇండెక్సులు తీసేసింది. క్యూ ఐదు నిమిషాల్లో కరిగిపోయింది.

విచారణలో సూపరింటెండెంటు, ఆ పని చేసింది ఆవిడేనన్నాడు. అందులో అబద్ధం లేదు. ఎదురుగా చనిపోయినాయన భార్య కూర్చుని ఉంది. కంప్యూటరక్క ఏదీ దాచకుండా, తనకి ముందే అనుమానం వచ్చిన సంగతితో సహా, మొత్తం చెప్పింది.

ఆ భార్య చివరిదాకా విని, మెల్లగా అడిగింది. "అంత తెలిసిన దానివి, ఎందుకు చేశావమ్మా?"

"ఇంకోసారి తిట్లు పడలేక," అంది ఆమె.

ఆ భార్య సంచీ తీసుకుని, ఆమె వైపు మళ్లీ చూడకుండా వెళ్లిపోయింది.