అత్తయ్యకు మిగల్చని పని

లేత పసుపు గౌను వేసుకొచ్చి ఉంటే ఈ బల్ల మీది దుమ్ము అంటినా తెలిసేది కాదు, ఛీ, క్లినిక్‌లో అత్తయ్య పక్కన కూర్చుని గౌను గురించి ఆలోచనేమిటి, అనుకుంది సెకాయి, అయినా పెళ్లయ్యాక ఇంకా తొలి వానైనా పడలేదు, మనసు ఊరుకోదు, పొద్దున బస్సెక్కిస్తూ భర్త తవొంగా తన తలగుడ్డ ముడి సరిచేసి చెవి దగ్గర మెల్లగా ఊదాడు, ఆ గిలిగింత ఇంకా మెడ మీదే ఉంది, పక్కన అతని తల్లి పుండు మానని పాదం చాపుకుని గోడకేసి చూస్తోంది, షుగర్ ఇలాగే ఉంటే వేలు తీసెయ్యాలి, తర్వాత పాదమేనేమో అని నర్సు చెప్పినా ఆ ముఖంలో ఏదీ కదల్లేదు.

చక్కెర డబ్బా తన గదిలో దాచింది సెకాయే, అత్తయ్య చాటుగా టీలో వేసుకుంటోందని అనుమానం, చీమలు మిమ్మల్నే వెతుక్కుంటూ వస్తున్నాయి అత్తయ్యా అని వెక్కిరించింది కూడా, అత్తయ్య నవ్వలేదు, డబ్బా దాచినా, మొక్కజొన్న పిండి సద్జా ముద్ద తగ్గించి ఆకుకూర ఎక్కువ వడ్డించినా షుగర్ దిగలేదు, తన వల్ల లోపమేముంది, కొత్త కోడలు ఎలా ఉండాలో అలాగే ఉందిగా, అందరికంటే ముందు లేచి వాకిలి ఊడ్చింది, స్నానాలకు నీళ్లు కాచింది, సద్జా కలిపే గరిటె అత్తయ్యను ముట్టుకోనివ్వలేదు, మీరు కూర్చోండి, నేను వచ్చాగా, అని ఎంత మురిపెంగా అనేదో, కోళ్లకు గింజలూ తనే చల్లింది, అవి కాళ్లకు అడ్డంపడుతుంటే ఎంత సంబరం, పొరుగావిడ కంచె మీంచి తొంగి చూసి అత్తయ్యతో, మాయి తవొంగా, తవొంగా తల్లీ, కొడుకును కన్నందుకు మహారాణివయ్యావు, ఇక నీకు మిగిలిన పని ఆవులించడమే, అంటే సెకాయి సిగ్గుపడుతూనే పొంగిపోయింది.

నర్సు మాత్రల పొట్లం విప్పింది, సగానికి పైగా అలాగే ఉన్నాయి, ఎందుకు మింగలేదని గద్దిస్తుందనుకుంటే, అమ్మా, కుఫుంగిసిసా ఉందా అని మెల్లగా అడిగింది, ఆలోచనలు ఆగక మనిషి లోలోపలే నలిగిపోతుంటే సెకాయి వాళ్లమ్మ కూడా ఆ మాటే అనేది, మనసు కుంగితే మందు మింగబుద్ధి కాదు, ఆ దిగులే షుగర్‌ని ఇంకా పెంచుతుంది అని నర్సు చెబుతుంటే అత్తయ్య నోరు విప్పింది, పొద్దున లేవాలనిపించదు తల్లీ, లేచి చేసేదేముంది, పొయ్యి వెలిగే ఉంటుంది, కోళ్లు కూడా నా వెనక రావడం మానేశాయి, ఇంకెందుకు ఈ మాత్ర, అంది, ఆ గొంతులో నింద లేదు, ఉన్నా బాగుండేది, సెకాయి అత్తయ్య చెయ్యి పట్టుకోబోయి ఆగిపోయింది, ప్రేమతోనే చేశానని చెప్పబోయింది, ప్రేమేనా, మంచి కోడలు అనిపించుకోవాలన్న ఆశ కాదా, తను ఆ ఇంటికి ఇల్లాలినయ్యానని మురిసిన ఆ రోజుల్లోనే, ఉన్న ఇల్లాలిని సొంత ఇంట్లో చుట్టాన్ని చేసేసింది.