పొగగొట్టంలో పిచ్చుక

ప్రతి డిసెంబరులోనూ క్రిస్మస్ బొమ్మల కథ టీవీలో వచ్చే సాయంత్రం ఫిలొమీనా దెలూకా ఇంట్లో కాలు పెట్టడానికి చోటుండదు. వీధిలో పిల్లలందరూ అక్కడే. పొద్దుటి నుంచీ ఆమె అంజీరపండ్ల బిస్కెట్లు కాలుస్తుంది. ఆ కథ ఏడాదికి ఒక్కసారే వేస్తారు. ఆ సాయంత్రం జ్వరమొచ్చి పడుకున్నా, కరెంటు పోయినా, మళ్లీ వచ్చే క్రిస్మస్ దాకా ఆగాల్సిందే.

న్యూయార్క్‌కి దగ్గర్లోని పాటర్సన్ ఊళ్లో ఆ వీధి పిల్లలకు ఇంకో సంగతి కూడా తెలుసు. ఆ కథలో పొగగొట్టంలో కాపురముండే పిచ్చుక ఒకటుంది. క్రిస్మస్ తాత దిగడానికి వీలుగా ఇంటివాళ్లు పొయ్యి ఆర్పేస్తే అది గొంతు చించుకుని దెబ్బలాడుతుంది. "పొయ్యి ఆర్పితే నేనెక్కడికి పోను? నన్నెవరైనా అడిగారా?" అంటుంది. ఆ గొంతు ఫిలొమీనా కూతురు జోనిది. ఎనిమిదేళ్లప్పుడు న్యూయార్క్ తీసుకెళ్లి రికార్డు చేయించారు. ఆ రోజు పిల్లకి జలుబు. బొంగురుగా పలికింది. ఆ బొంగురే బాగుందని ఉంచేశారు. పద్దెనిమిదో ఏట, మంచు గడ్డకట్టిన రోడ్డు మీద కారు జారి జోని చనిపోయింది. ఇది జరిగి మూడేళ్లు.

పంతొమ్మిది వందల డెబ్బై నాలుగులో ఆ సాయంత్రం కూడా ఫిలొమీనా టీవీకి దగ్గరగా కుర్చీ వేసుకుని కూర్చుంది. భర్త సాల్ కూడా గదిలోనే ఉన్నాడు. మామూలుగా ఈ సమయానికి ఏదో పని కల్పించుకుని, ఇల్లు వెచ్చబెట్టే బాయిలర్ ఉన్న కింది గదిలోకి దిగిపోయేవాడు. కథ నడుస్తోంది. ఇంటివాళ్లు పొయ్యి మీద నీళ్లు పోశారు. ఫిలొమీనా కుర్చీ ఇంకాస్త ముందుకు జరుపుకుంది. టూత్‌పేస్టు ప్రకటన వచ్చింది, ఆ తరువాత ఏడ్చే బొమ్మ ప్రకటన, ఆ తరువాత సూపు. కథ మళ్లీ మొదలయ్యేసరికి తాత అప్పుడే ఇంట్లోకి దిగి బూట్లకంటిన బూడిద దులుపుకుంటున్నాడు.

పిచ్చుక లేదు.

పిల్లల్లో ఒకరిద్దరు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. మిగతావాళ్లు బిస్కెట్లు తింటూ చూస్తూనే ఉన్నారు. కథ అయిపోయింది, పేర్లు పడ్డాయి. వాటిలో జోని పేరు మాత్రం అలాగే ఉంది. ఫిలొమీనా పిల్లలకు కోట్లు తొడిగి పంపించింది. తలుపు వేశాక ఖాళీ పళ్లెం తీసి సింకులోకి విసిరింది. అది రెండు ముక్కలైంది.

మర్నాడు టీవీ స్టేషనుకు ఫోన్ చేసింది. అవతలి అమ్మాయి తీయగా మాట్లాడింది. రీలు పైనుంచి ఎలా వస్తే అలా వేస్తామనీ, తమకేమీ తెలియదనీ చెప్పింది. పండగ శుభాకాంక్షలు కూడా చెప్పింది. ఫిలొమీనాకు అరికాలి మంట నెత్తికెక్కింది. కోటు తొడుక్కుని, చర్చికి పెట్టుకునే టోపీ పెట్టుకుని న్యూయార్క్ బస్సెక్కింది.

ఆ బొమ్మల కథలు తీసే కంపెనీ యజమాని పేరు హోవార్డ్ ఆప్ట్. ఆమెను చూడగానే గుర్తుపట్టాడు. కాఫీ తెప్పించాడు. జోని సంగతి విని తామంతా ఎంత బాధపడ్డామో చెప్పాడు. బీరువా మీద గాజు పెట్టెలో ఆ పిచ్చుక బొమ్మ ఉంది. బొటనవేలంత ఉంది, తోక దగ్గర ఈకలు ఊడిపోయాయి. ఫిలొమీనా కాఫీ ముట్టుకోలేదు.

ప్రకటనలకు చోటు పెంచమని ఛానెల్ వాళ్లు అడిగారనీ, కథలో ఎక్కడో ఒకచోట కత్తెర వేయక తప్పలేదనీ అతను వివరించాడు. తలుచుకుంటే ఇంకో ముక్క తీసేవాళ్లమే గానీ, పిచ్చుక ముక్క తీస్తే కథ ఎక్కడా తెగినట్టు కనిపించదన్నాడు.

"తెగినట్టు కనిపించదా," అంది ఫిలొమీనా. "నాకు కనిపించింది."

"అది నిజమేనమ్మా. మీకు కనిపిస్తుంది."

"మరి నన్నొక మాట అడగాలని ఎవరికీ తోచలేదా?"

ఆప్ట్ కాఫీ కప్పు కింద పెట్టాడు. అతని మొహంలో మొదటిసారి తడబాటు కనిపించింది. "వేసవిలో నేనే ఫోన్ చేశానండీ. అడగకుండా తీసేయడం నాకూ ఇష్టం లేదు. మీ ఆయన మాట్లాడారు. తీసేయండి, మంచిదే అన్నారు. మీకు చెప్పే ఉంటారనుకున్నాను."

ఆమె లేచి నిలబడింది. ఇంకేం మాట్లాడిందో, లిఫ్టులో దిగిందో మెట్లు దిగిందో ఆమెకు తరువాత గుర్తులేదు. బస్సులో పక్కన కూర్చున్న ముసలాయన చేతిసంచీ సర్దుకుని వేరే సీటుకు మారాడు. తను పైకే మాట్లాడుకుంటోందని అప్పుడు తెలిసింది.

ఇంటికొచ్చేసరికి సాల్ వంటింట్లో పండగ రాత్రి కోసం ఉప్పు చేపను నానబెడుతున్నాడు. చొక్కా చేతులు మోచేతుల దాకా మడిచి, గిన్నెలో నీళ్లు మారుస్తున్నాడు. ఆమె టోపీ కూడా తీయలేదు.

"ఆయన నీకు ఫోన్ చేశాడా?"

సాల్ కుళాయి కట్టేశాడు. "చేశాడు."

"తీసేయమన్నావా?"

"అన్నాను."

అబద్ధమాడతాడేమోనని దారిపొడుగునా తిట్లు కూడబెట్టుకుని వచ్చింది. అతను ఒప్పేసుకునేసరికి అవేవీ పనికిరాకుండా పోయాయి. ఎందుకని మాత్రం అడగగలిగింది.

అతను తడిచేతులు తుడుచుకోకుండానే కుర్చీలో కూర్చున్నాడు. ఏటా ఆ సాయంత్రం కింది మెట్ల మీంచి చూసినప్పుడు ఆమె పెదవులు ఆ మాటలతో పాటు కదలడం, తరువాత కొత్త సంవత్సరం దాకా మంచం దిగకపోవడం తను చూడలేకపోతున్నానన్నాడు. అది విని ఆమె ముఖం తిప్పుకుంది. అప్పుడతను అసలు మాట అన్నాడు.

"దానికి పద్దెనిమిదేళ్లు, ఫిల్. నాతో వాదించేది. నా వెనకాల నిలబడి నాన్నా, కారు తాళాలియ్యి అనేది. ఆ గొంతు నాకిప్పుడు గుర్తు రావట్లేదు. ఎంత ప్రయత్నించినా ఈ పిచ్చుకే వస్తోంది. ఎనిమిదేళ్ల పిల్ల వచ్చి నా పెద్దపిల్లని మింగేసింది."

ఫిలొమీనాకు జాలి కన్నా కోపమే ముందొచ్చింది.

"ఈ మాట నాతో చెప్పాల్సింది," అంది. "ముక్కూ మొహం తెలియనివాడితో ఫోన్లో చెప్పావు. నాకు మిగిలింది ఏడాదికి ఒక్క నిమిషం. అది కూడా నీకు బరువైందా? కింద బాయిలర్ దగ్గర కూర్చుంటే సరిపోయేది కదా, ఇన్నాళ్లూ కూర్చున్నట్టే."

"నిన్న కూర్చోబుద్ధి కాలేదు."

"ఎందుకవుతుంది? అది రాదని తెలుసుగా నీకు."

చేప గిన్నె రెండు చేతులా ఎత్తి, వెనక తలుపు తన్ని తెరిచి, నీళ్లతో సహా మంచులో కుమ్మరించింది. పెట్టె సర్దుకుని అక్క ఇంటికి వెళ్లిపోయింది.

అక్క మొదట చెల్లెలి పక్షమే పట్టింది. నాలుగు రోజులయ్యాక మగవాళ్లకు ఏడవడం చేతకాక ఇలాంటి పనులు చేస్తారని సర్దిచెప్పబోయింది. "నువ్వు ఆయన అక్కవా, నా అక్కవా?" అని ఫిలొమీనా అడిగేసరికి మళ్లీ ఆ ఊసెత్తలేదు. పండగ రాత్రి సాల్ వచ్చి గుమ్మం బయట నిలబడ్డాడు. లోపలికి రమ్మని ఫిలొమీనా అనలేదు, అక్కే అతనికి పళ్లెంలో భోజనం పెట్టి పంపించింది.

జనవరిలో ఆప్ట్ ఫోన్ చేశాడు. కత్తిరించిన ముక్క పారేయలేదనీ, వస్తే చూపిస్తాననీ అన్నాడు. మళ్లీ కథలో అతికించి టీవీలో వేయాలని ఆమె పట్టుబట్టింది. అది తన చేతుల్లో లేదన్నాడు. చేతుల్లో లేనప్పుడు కత్తెర ఎలా ఆడిందని అడిగి ఫోన్ పెట్టేసింది. మర్నాడు తనే ఫోన్ చేసి వస్తానంది.

ఆప్ట్ కంపెనీ భవనం మెట్ల దగ్గర సాల్ ఉన్నాడు. అక్క చెప్పి ఉంటుంది. గడ్డం నున్నగా గీసుకుని, జోని అంత్యక్రియలప్పటి కోటు వేసుకొచ్చాడు.

"లోపలికి రా. నా పక్కన మాత్రం కూర్చోకు," అంది.

ఎడిటింగ్ గది ఇరుకైనది, పక్కన కాకుండా కూర్చోవడానికి చోటు లేదు. సాల్ గోడకానుకుని నిలబడ్డాడు. ఆప్ట్ రీలు తిప్పాడు. చిన్న తెర మీద పిచ్చుక పొగగొట్టంలోంచి తల బయటపెట్టి, బొంగురు గొంతుతో ఇల్లంతా తిట్టింది. ఒకచోట దగ్గు వచ్చింది, దాన్ని కూడా ఉంచేశారు. వీధి పిల్లల గోలలో ఆ దగ్గు ఇన్నేళ్లుగా ఫిలొమీనాకు వినిపించనే లేదు. ముక్క అయిపోయాక మళ్లీ వేయమని సాలే అడిగాడు. ముగ్గురూ మూడోసారి కూడా విన్నారు.

బయటికొచ్చాక కాలిబాట మీద ఆమె ఆగిపోయింది. కారు తాళాలు అడిగిన జోనిని గుర్తు తెచ్చుకోబోయింది. మాటలు తెలుసు. వంటింటి గడపలో ఆ పిల్ల నిలబడే తీరు కూడా కళ్ల ముందుంది. గొంతు లేదు. తనకూ లేదు. ఆ సంగతి సాల్‌కు చెప్పడానికి ఆమెకు నోరు రాలేదు. చెప్తే అతను గెలిచినట్టవుతుందనిపించింది.

"నీ మీద కోపం పోలేదు," అంది చివరికి.

"తెలుసు."

"పోతుందో లేదో కూడా తెలీదు."

"సరే," అన్నాడు సాల్. "ఇంటికి రా. అక్కడే ఉండి కోప్పడు."

ఆ రోజు వెళ్లలేదు. ఈస్టరుకు ముందు, అక్క ఇంట్లో పడక గది మరీ చలిగా ఉందని వంక పెట్టి తన ఇంటికి వెళ్లింది.

మళ్లీ డిసెంబరు వచ్చింది. పిల్లలు అడగకుండానే తలుపు తోసుకొచ్చేశారు. ఇంటివాళ్లు పొయ్యి మీద నీళ్లు పోయగానే టూత్‌పేస్టు వచ్చింది. అప్పటికే సాల్ లేచి, టీవీ గొంతు పూర్తిగా తగ్గించేశాడు. ఫిలొమీనా పిల్లల వైపు తిరిగి, నడుం మీద చేతులు పెట్టుకుని, పొయ్యి ఆర్పితే నేనెక్కడికి పోవాలని వాళ్లను నిలదీసింది. ముందు వరసలో ఉన్న చిన్నవాడు భయపడి వెనక్కి జరిగాడు. ఆమె ఆగలేదు. మాటలన్నీ వరసగా, అరిచినంత పనిగా, దగ్గుతో సహా అప్పజెప్పింది. తెర మీద సూపు డబ్బా చప్పుడు లేకుండా గుండ్రంగా తిరుగుతోంది.