ఫ్రిజ్‌లో నీలం ప్లేటు

పెన్కా ప్లేట్లలో, బాక్టీరియా పెరిగే వేడి అగర్ జావ పోస్తోంది. సీసా మూతిని మంట మీద తిప్పడం, పోయడం, మూత పెట్టడం. ఆవిరికి ఆమె వేళ్ల చివర్ల తోలు పొరలుగా లేచింది. ప్లొవ్‌దివ్ నగరంలోని ఈ కాలేజీ ల్యాబ్‌లోనే ఆమె జుట్టు నెరిసింది.

మునుపు ఇక్కడ జవాబు ముందే తెలిసిన ప్రయోగాలే. బాక్టీరియాకు పాలచక్కెర పెడితే దాని జన్యువు మేలుకుంటుంది, ప్లేటు మీద బాక్టీరియా చుక్కలు నీలమవుతాయి. ఎవరి ప్లేటైనా చెడితే పెన్కా చప్పుడు చేయకుండా ఫ్రిజ్‌లో దాచిన నీలం ప్లేటు తెచ్చి మార్చేది. పిల్లలు పాసయ్యేవారు. దాన్నే చదువన్నారు. ఎవరికీ సిగ్గులేదు.

ఇప్పుడు కాలొయాన్ అనే కుర్ర మాస్టారు వచ్చి, జన్యువును నడిపే స్విచ్‌లో డీఎన్ఏ అక్షరాలను పిల్లల చేతే మార్పిస్తున్నాడు. ఏమవుతుందో లోకంలో ఎవరికీ తెలియదు. ఈ కోర్సు ఉంటేనే పెన్కా ఉద్యోగం. ఉంచాలో ఎత్తేయాలో తేల్చడానికి ఇవాళ డీన్ వస్తున్నాడు.

"పిన్నీ, పొద్దున బానిత్సా రొట్టె తిన్లేదా? మొహం పిండిముద్దలా ఉందేం?" అంటూ కాలొయాన్ విద్యార్థిని రాలిత్సా ఇంక్యుబేటర్ తలుపు తీసింది.

"నా మొహం ఎప్పుడూ ఇంతే. నీ ప్లేటు చూసుకో."

ప్లేటు నిండా తెల్ల చుక్కలు. ఒక్క నీలం లేదు.

"తెలుపు! ఒక్క అక్షరం మారిస్తే స్విచ్చే చచ్చింది పిన్నీ! అక్షరం మార్చని ప్లేటు సార్ గదిలో ఉంది, దీంతో పోల్చాలి. ఉండు, పిల్చుకొస్తా!" రాలిత్సా పరిగెత్తింది.

మెట్ల మీద బూట్ల చప్పుడు. డీన్‌కి కావాల్సింది నీలం. పెన్కా చెయ్యి దానంతటదే ఫ్రిజ్‌లోకి వెళ్లింది. చల్లని ప్లేటు అరచేతికి తగిలింది. కాసేపు అలాగే పట్టుకుంది. వదిలేసి తలుపు మూసింది.

"ఏమ్మా, ఏమైనా వచ్చిందా?" అన్నాడు డీన్.

ఆమె రాలిత్సా ప్లేటు అందించింది. "తెలుపొచ్చింది సార్."

"అంటే ఏమీ రానట్టేగా."

"తెలుపొచ్చింది" అంది పెన్కా మళ్లీ.

ఆయన చేతులు తుడుచుకుని వెళ్లిపోయాడు. రాలిత్సా, మాస్టారు వచ్చేసరికి వరండా ఖాళీ.

సాయంత్రం కాలొయాన్ తల దించుకునే వచ్చాడు. "కోర్సు ఎత్తేశారు పెన్కా గారూ. మీ పని కూడా..."

"ఊఁ. అగర్ గట్టిపడింది. మర్చిపోకుండా ప్లేట్లు బోర్లించండి."

బల్ల తుడిచింది. కోటు కొక్కేనికి తగిలించింది. బస్సొచ్చింది, ఎక్కింది.

ఫ్రిజ్‌లో, వెనక అరలో, మూత మీద ఎవరి పేరూ రాయని నీలం ప్లేటు.